గిటార్ ఇంటొనేషన్ సరిచేసేటప్పుడు చెవిని నమ్మాలా, ట్యూనర్‌ను నమ్మాలా?

సాగర_తంత్రి
నా దగ్గర ఉన్నది స్ట్రాటోకాస్టర్ తరహా ఎలక్ట్రిక్ గిటార్. బ్రిడ్జ్ మీద ఆరు తీగలకూ ఆరు విడి శాడిళ్లు (తీగ ఆనే చిన్న ముక్కలు) ఉన్నాయి. కొత్త తీగలు వేసి, పెడల్ ట్యూనర్ పెట్టుకుని, ప్రతి తీగకూ పన్నెండో ఫ్రెట్ (నెక్ మీది మెట్టు) మీది హార్మోనిక్‌నూ (తీగను నొక్కకుండా వేలితో తాకి మీటితే వచ్చే స్వరం), అదే ఫ్రెట్ దగ్గర నొక్కి మీటిన స్వరాన్నీ పోల్చి చూస్తూ శాడిళ్లను జరిపి ఇంటొనేషన్ (నెక్ పొడవునా ప్రతి ఫ్రెట్ దగ్గరా స్వరం శ్రుతిలో ఉండడం) సరిచేశాను. ఇప్పుడు ఆరు తీగలూ అక్కడ పచ్చ దీపమే చూపిస్తున్నాయి. అయినా ఓపెన్ ఇ మేజర్ కార్డ్ పట్టుకుంటే మూడో తీగ (సన్నని తీగ నుంచి లెక్కిస్తే) అపశ్రుతి పలుకుతోంది. దానిని కాస్త దించితే ఇ మేజర్ బాగుపడుతుంది గాని, ఆ వెంటనే జి మేజర్ చెడిపోతుంది.

గిటార్ తీసుకెళ్లి చూపిస్తే దుకాణంలో వారు "ట్యూనర్ సరిగ్గా చూపిస్తోందంటే అంతా సరిగ్గా ఉన్నట్టే, మీ చెవే అలవాటు పడాలి" అన్నారు. మా బృందంలో వాయించే పెద్దాయన మాత్రం ట్యూనర్‌ను తీసి అవతల పెట్టి, చెవితోనే శాడిళ్లు సవరించుకోమంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఆరో_తీగ
పెద్దాయన మాట వినండి. ట్యూనర్లు ఇంటింటికీ రాకముందు కూడా గిటార్లు శ్రుతిలోనే పలికాయి. పాట వినేది చెవే గాని దీపం కాదు.

గణితగానం
ఆరో_తీగ గారు రెండు వేర్వేరు పనులను ఒకటిగా చూస్తున్నారు. తీగను శ్రుతి చేయడం ఒక పని, శాడిల్ ఎక్కడ ఉండాలో తేల్చడం మరొక పని. శ్రుతి చేసేటప్పుడు రెండు తీగలను ఒకేసారి మోగిస్తాం కనుక, ఆ రెండింటి పౌనఃపున్యాల మధ్య తేడా విస్పందనాలుగా, అంటే ధ్వని ఉబ్బుతూ తగ్గుతూ వచ్చే అలగా వినిపిస్తుంది. ఆ అల నెమ్మదించి ఆగిపోయేదాకా మర తిప్పడం చెవికి చాలా తేలిక, ఖచ్చితత్వం కూడా ఎక్కువే. పన్నెండో ఫ్రెట్ పరీక్షలో మాత్రం ఒకే తీగ మీద హార్మోనిక్ ఒకసారి, నొక్కిన స్వరం ఇంకొకసారి వాయించాలి. రెండూ కలిసి మోగవు గనుక అక్కడ విస్పందనాలు ఉండవు. మొదటి స్వరాన్ని జ్ఞాపకం పెట్టుకుని రెండోదానితో పోల్చుకోవాలి. అర్ధస్వరానికి 100 సెంట్లనుకుంటే, అలా ఒకదాని తరువాత ఒకటి విన్నప్పుడు రెండు మూడు సెంట్ల తేడాను పట్టుకోవడం శిక్షణ పొందిన చెవికి కూడా కష్టమే. సాధారణమైన పెడల్ ట్యూనర్ ఒక సెంటు తేడాను చూపించగలదు. కాబట్టి ఈ ఒక్క పనికి ట్యూనరే మేలు.

శాడిల్ ఎంత జరిపితే ఎంత మారుతుందో కూడా తెలుసుకుంటే పని త్వరగా తెములుతుంది. స్ట్రాటోకాస్టర్ తీగ పొడవు సుమారు 648 మిల్లీమీటర్లు. శాడిల్‌ను ఒక మిల్లీమీటరు వెనక్కి జరిపి ఓపెన్ తీగను మళ్లీ శ్రుతి చేస్తే, పన్నెండో ఫ్రెట్ స్వరం దాదాపు 2.7 సెంట్లు దిగుతుంది. అయిదు సెంట్లు ఎక్కువగా పలికే తీగకు శాడిల్ రెండు మిల్లీమీటర్లకు కొంచెం తక్కువగా వెనక్కి పోవాలన్నమాట.

కోరస్_పెడల్
ఎక్కువగా పలికితే వెనక్కి, తక్కువగా పలికితే నెక్ వైపుకు ముందుకు. ఇది గుర్తుంటే చాలు, మిగతాది మర తిప్పడమే.

మెట్లసవరణ
హైదరాబాదులో గిటార్ల మరమ్మతు చేసే పనిలో ఉన్నాను కనుక ఇలాంటి ఫిర్యాదు తరచుగా వింటుంటాను. సాగర గారూ, దుకాణం వారి మాటనూ పెద్దాయన మాటనూ కాసేపు పక్కన ఉంచండి. లోపం మీకు వినిపిస్తున్నది మొదటి మూడు ఫ్రెట్లలో పట్టే ఓపెన్ కార్డ్‌లలో. మీరు కొలిచింది పన్నెండో ఫ్రెట్ దగ్గర. వినపడిన చోట కొలవకుండా వేరే చోట కొలిచి, అక్కడ అంతా బాగుందని తీర్మానించుకుంటే ట్యూనర్ తప్పు చెప్పినట్టూ కాదు, చెవి పొరపాటు పడినట్టూ కాదు.

ఒక పని చేయండి. ఓపెన్ తీగను సరిగ్గా సున్నాకు శ్రుతి చేసి, మొదటి, మూడో, అయిదో, ఏడో ఫ్రెట్ల దగ్గర ప్రతి తీగ ఎన్ని సెంట్లు చూపిస్తోందో రాసుకోండి. కొలిచేటప్పుడు గిటార్‌ను బల్ల మీద పడుకోబెట్టకుండా, వాయించేటప్పుడు ఎలా పట్టుకుంటారో అలాగే పట్టుకోండి. పడుకోబెట్టినప్పుడు నెక్ వంపు కొద్దిగా మారుతుంది. నెక్ పికప్ ఎంచుకుని టోన్ నాబ్‌ను తగ్గిస్తే ట్యూనర్ ముల్లు నిలకడగా ఉంటుంది. వేలిని కార్డ్ పట్టేటప్పుడు ఎంత గట్టిగా నొక్కుతారో అంతే గట్టిగా నొక్కండి, మామూలు బలంతోనే మీటండి. మీటిన క్షణంలో స్వరం కాస్త పైకి లేచి తరువాత కుదురుకుంటుంది. అలా కుదురుకున్నాక వచ్చే అంకెనే రాసుకోండి.

శ్రుతిబద్ధ
గణితగానం గారు విస్పందనాల గురించి చెప్పినది నిజమే గాని, చెవి పద్ధతిని పన్నెండో ఫ్రెట్ దగ్గర ఉపయోగించడానికి వీలు లేదనడం సరి కాదు. పోలికకు కావలసిన రెండో స్వరాన్ని బయట నుంచి తెచ్చుకోవచ్చు. నేను చిన్నప్పటి నుంచి వయొలిన్ నేర్చుకున్నాను, గిటార్ తరువాత వచ్చింది. ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టెను ఇ స్వరానికి పెట్టి, ఒకటో తీగను పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే, రెండు ధ్వనులూ కలిసి మోగుతాయి కనుక విస్పందనాలు స్పష్టంగా వినిపిస్తాయి. శాడిల్ సరిగ్గా ఉన్నప్పుడు ఆ అల మాయమవుతుంది. అప్పుడు చెవి ఏ ట్యూనర్‌కూ తీసిపోదు.

గణితగానం
శ్రుతిబద్ధ గారు చెప్పిన పద్ధతి సరైనదే. ఒకటో తీగ పన్నెండో ఫ్రెట్ స్వరం 659 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది; అక్కడ మూడు సెంట్ల తేడా ఉంటే సెకనుకు ఒకటికి పైగా విస్పందనాలు వస్తాయి, ఎవరికైనా వినిపిస్తాయి. కాని ఇదే పద్ధతి ఆరో తీగ దగ్గర అంత బాగా పనిచేయదు. ఆ తీగ పన్నెండో ఫ్రెట్ స్వరం 165 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది కనుక, అంతే తేడాకు మూడున్నర సెకన్లకు ఒక్క విస్పందనం వస్తుంది. అది పూర్తయ్యేలోగా ధ్వని సగానికి పైగా తగ్గిపోతుంది.

మంద్రస్థాయి
బేస్ గిటార్ దగ్గర పరిస్థితి ఇంకా కష్టం. నాలుగో తీగ ఓపెన్ స్వరం 41 హెర్ట్జ్. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒక సెంటు తేడా ఇరవై సెకన్లకు ఒక అలగా వస్తుంది. దానిని చెవితో పట్టుకోవడం మనిషికి సాధ్యమయ్యే పని కాదు. బేస్ వాయించేవారికి ట్యూనర్ తప్పనిసరి అని నా అనుభవం.

స్టూడియో_రాత్రులు
చెవితో విస్పందనాలు లెక్కపెట్టేవారు ముందుగా సీలింగ్ ఫ్యాన్ ఆపండి. తిరిగే రెక్కలు ధ్వనిని తరిగినట్టు చేసి లేని అలను వినిపిస్తాయి. ఫ్యాన్ కింద కూర్చుని మర తిప్పుతూ, ఎంతకీ కుదరడం లేదని విసుక్కునేవారిని చాలామందిని చూశాను.

ట్యూనర్లన్నీ ఒకే రకమైనవి కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. తిరిగే చక్రం మీద వెలుగు చారలు కదలకుండా నిలిచేలా చూసుకునే స్ట్రోబ్ పద్ధతి 1936లో కాన్ సంస్థ తెచ్చిన స్ట్రోబోకాన్ నాటిది. ఇప్పుడు పీటర్సన్ వంటి స్ట్రోబ్ ట్యూనర్లు సెంటులో పదో వంతును చూపిస్తాయని చెప్పుకుంటాయి. ఇంటొనేషన్ సరిచేయడానికి అలాంటిది ఉంటే సౌకర్యంగా ఉంటుంది. మూడు దీపాలతో పచ్చ రంగు చూపించే చౌక క్లిప్ ట్యూనర్‌లో ఆ పచ్చ రంగు ఎన్ని సెంట్ల వెడల్పున వెలుగుతుందో కొనేవారికి తెలియదు. సాగర గారి పచ్చ దీపం వెనుక కూడా అలాంటి వెడల్పు ఉండవచ్చు.

సాగర_తంత్రి
సెంట్లను అంకెల్లో చూపించే ట్యూనర్ ఒకటి స్నేహితుడి దగ్గర నుంచి తెచ్చి, మెట్లసవరణ గారు చెప్పినట్టే కొలిచాను. మొదటి ఫ్రెట్ దగ్గర ఆరో తీగ 7 సెంట్లు ఎక్కువ, అయిదో తీగ 6, నాలుగో తీగ 5, మూడో తీగ 10, రెండో తీగ 6, ఒకటో తీగ 4. మూడో ఫ్రెట్ దగ్గర అన్నీ రెండు నుంచి అయిదు సెంట్ల లోపు ఎక్కువగా ఉన్నాయి. అయిదో ఫ్రెట్, ఏడో ఫ్రెట్ దగ్గర తేడా రెండు సెంట్లకు మించలేదు. పన్నెండు దగ్గర సున్నా లేదా ఒకటి.

కోరస్_పెడల్
నట్.

మెట్లసవరణ
కోరస్_పెడల్ గారు ఒక్క మాటలో చెప్పేశారు. నట్ అంటే హెడ్‌స్టాక్ వైపు తీగలు ఆనే గాడుల పట్టీ. మీ నట్‌లోని గాడులు కావలసినంత లోతుగా లేవు. గాడి ఎత్తుగా ఉన్నప్పుడు మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కాలంటే తీగ అతి తక్కువ దూరంలో నిటారుగా కిందికి వంగాలి. అలా వంగినప్పుడు తీగ సాగుతుంది, బిగువు పెరుగుతుంది, స్వరం పైకి పోతుంది. నట్ నుంచి దూరం జరిగే కొద్దీ ఆ వంపు చదునవుతుంది కనుక తేడా తగ్గుతూ వస్తుంది. మీరు రాసిన అంకెలు సరిగ్గా ఆ క్రమంలోనే ఉన్నాయి. శాడిల్‌ను ఎంత జరిపినా ఈ లోపం పోదు, ఎందుకంటే శాడిల్ ప్రభావం నెక్ చివరి ఫ్రెట్లలో ఎక్కువగా, మొదటి ఫ్రెట్లలో చాలా తక్కువగా ఉంటుంది.

ఇంట్లోనే నిర్ధారించుకోవచ్చు. తీగను రెండో, మూడో ఫ్రెట్ల మధ్య నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ మీద తీగకూ లోహానికీ మధ్య ఎంత సందు ఉందో వెలుగుకు ఎదురుగా పెట్టి చూడండి. పలుచని కాగితం దూరేంత సందు ఉంటే చాలు. తీగను వేలితో తట్టినప్పుడు మొదటి ఫ్రెట్‌కు తగిలి చిన్న టక్కుమనే చప్పుడు రావాలి. విజిటింగ్ కార్డు సులువుగా దూరిపోతే గాడి ఎత్తుగా ఉన్నట్టు.

ఆరో_తీగ
నట్ సంగతి ఒప్పుకుంటాను. కాని గమనించండి, లోపాన్ని ముందుగా పట్టుకున్నది సాగర గారి చెవే. ట్యూనర్ పచ్చ దీపం వెలిగించి ఊరుకుంది. దుకాణం వారు ఆ దీపాన్ని చూసి ఆయన చెవిని అనుమానించారు.

స్టూడియో_రాత్రులు
ఆరో_తీగ గారి మాటతో ఈసారి పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

గణితగానం
నేను కూడా. అయితే చెవి చేస్తున్న ఫిర్యాదులో రెండు భాగాలు కలిసి ఉన్నాయి. వాటిని విడదీస్తే గాని నట్ సరిచేయించాక ఎంత మెరుగుదల ఆశించవచ్చో తెలియదు.

ఇ మేజర్‌లో మూడో తీగ మొదటి ఫ్రెట్ మీద పలికేది జి షార్ప్, అంటే ఆ కార్డ్‌లోని మేజర్ థర్డ్ (మూలస్వరం నుంచి మూడో స్వరం). గిటార్ ఫ్రెట్లు ఈక్వల్ టెంపరమెంట్ ప్రకారం, అంటే ఒక షడ్జమం నుంచి పై షడ్జమం దాకా ఉన్న ఆక్టేవ్‌ను పన్నెండు సమాన అర్ధస్వరాలుగా పంచే పద్ధతిలో ఉంటాయి కనుక అక్కడ ఆ దూరం 400 సెంట్లు. అయిదుకు నాలుగు నిష్పత్తిలో ఉండే స్వచ్ఛమైన థర్డ్ 386 సెంట్లు మాత్రమే. అంటే లోపమేమీ లేని గిటార్‌లో కూడా ఆ స్వరం దాదాపు 14 సెంట్లు ఎక్కువగానే ఉంటుంది. దానికి మీ నట్ ఇంకో 10 సెంట్లు చేర్చింది. మొత్తం 24 సెంట్లు, అర్ధస్వరంలో నాలుగో వంతు. అది చెవిలో గుచ్చుకోకుండా ఎలా ఉంటుంది?

మూడో తీగను 10 సెంట్లు దించితే ఇ మేజర్‌లో ఆ 10 సెంట్లూ పోతాయి. కాని జి మేజర్‌లో అదే తీగ ఓపెన్‌గా పలికే జి 10 సెంట్లు తక్కువవుతుంది, రెండో తీగ మీది బి మాత్రం ఉన్న చోటే ఉంటుంది. ఆ రెండింటి మధ్య థర్డ్ ఇప్పుడు 24 సెంట్లు వెడల్పు అవుతుంది. ఒక కార్డ్‌లో తీసిన తప్పు యథాతథంగా రెండో కార్డ్‌లోకి వచ్చి చేరింది. మీరు మొదటి పోస్టులో రాసినది సరిగ్గా ఇదే.

శ్రుతిబద్ధ
ఆ 14 సెంట్ల సంగతి మా వంటివారికి రోజూ ఎదురయ్యే బాధ. తంబూరా మీటి కాసేపు వింటే మంద్ర షడ్జమం తీగలోనే అంతర గాంధారం తనంతట తానుగా పలుకుతుంది. ఆ తీగ అయిదో అనుస్వరం (మూల పౌనఃపున్యానికి అయిదు రెట్లు) అది, 386 సెంట్ల స్వచ్ఛమైన గాంధారం. కర్ణాటక సంగీతం నేర్చుకున్న చెవికి ఆ గాంధారమే ఇల్లు. దాని తరువాత గిటార్ మీద ఏ మేజర్ కార్డ్ పట్టినా గాంధారం పైకి లేచినట్టే వినిపిస్తుంది. అది వినపడేవారి చెవిలో లోపం ఉందనడం నాకు బాధ కలిగించే మాట.

గణితగానం
చెవిలో లోపం లేదు, ఫ్రెట్లలోనూ లోపం లేదు. పన్నెండు శ్రుతుల్లోనూ ఒకే వాద్యంతో కార్డ్‌లు వాయించాలంటే ఆ 14 సెంట్లు అందరూ సమానంగా పంచుకోవలసిన భారం. అయితే ఇందులో ఒక జాగ్రత్త ఉంది. శ్రుతి పెట్టెతో ఇంటొనేషన్ సరిచూసేవారు ఆ స్వరానికి ఆక్టేవ్‌ను గాని, అదే స్వరాన్ని గాని మాత్రమే పోల్చాలి. థర్డ్‌ను శ్రుతి పెట్టెతో కలిపి విని, అల ఆగేదాకా శాడిల్ జరిపితే ఆ తీగ మొత్తం చెడిపోతుంది.

ఆరో_తీగ
నేను ఎప్పుడూ అయిదో ఫ్రెట్ హార్మోనిక్‌నూ, పక్క తీగ ఏడో ఫ్రెట్ హార్మోనిక్‌నూ కలిపి మోగించి, అల పూర్తిగా ఆగేదాకా శ్రుతి చేస్తాను. అంతకు మించిన కొలత ఉందంటే నేను నమ్మను.

గణితగానం
ఆ పద్ధతిలో రెండు సెంట్ల చిక్కు ఉంది. ఏడో ఫ్రెట్ హార్మోనిక్ ఆ తీగకు మూడో అనుస్వరం. దాని నుంచి వచ్చే ఫిఫ్త్ (షడ్జమానికి పంచమం వంటిది) స్వచ్ఛమైనది, 702 సెంట్లు. ఫ్రెట్ల మీది ఫిఫ్త్ 700 సెంట్లు. అల పూర్తిగా ఆపితే ఆరు నుంచి అయిదో తీగకు, అయిదు నుంచి నాలుగో తీగకు, నాలుగు నుంచి మూడో తీగకు రెండేసి సెంట్లు తగ్గుతూ, మూడో తీగకు వచ్చేసరికి మొత్తం ఆరు సెంట్లు దిగిపోతుంది. ఆరో తీగ అయిదో ఫ్రెట్ హార్మోనిక్, అయిదో తీగ ఏడో ఫ్రెట్ హార్మోనిక్ కలిపినప్పుడు దాదాపు మూడు సెకన్లకు ఒక విస్పందనం మిగిలేలా, అయిదో తీగను కొంచెం పైన ఉంచితే ఫ్రెట్లతో సరిపోతుంది.

ఇంతకన్నా పెద్ద ఉచ్చు మూడో తీగ నాలుగో ఫ్రెట్ హార్మోనిక్‌తో రెండో తీగను శ్రుతి చేయడం. అది స్వచ్ఛమైన థర్డ్ కనుక రెండో తీగ ఏకంగా 14 సెంట్లు దిగుతుంది. రెండో తీగకు ఆరో తీగ ఏడో ఫ్రెట్ హార్మోనిక్‌ను ఆధారం చేసుకోవడం మేలు. అక్కడ తేడా రెండు సెంట్లే.

ఆరో_తీగ
ఆ రెండు సెంట్లు నాకు మధురంగానే వినిపిస్తాయి. నేను వాయించేది ఎక్కువగా ఇ, ఎ శ్రుతుల్లోనే. నా పాటలకు అది సరిపోతున్నప్పుడు మార్చుకోవలసిన అవసరం కనిపించడం లేదు.

స్టూడియో_రాత్రులు
ఒంటరిగా వాయిస్తే ఇబ్బంది లేదు. కీబోర్డ్‌తో కలిసి రికార్డ్ చేసేటప్పుడు కీబోర్డ్ ఈక్వల్ టెంపరమెంట్‌లోనే నిలబడి ఉంటుంది కనుక గిటారే దానికి సర్దుకోవాలి. డిస్టార్షన్ వేసినప్పుడు ఈ తేడాలు మరీ బయటపడతాయి. అందుకే చాలామంది డిస్టార్షన్‌లో థర్డ్‌ను వదిలేసి రూట్ (మూలస్వరం), ఫిఫ్త్ మాత్రమే ఉండే పవర్ కార్డ్‌లు వాయిస్తారు. ఫిఫ్త్‌లో రెండు సెంట్లే తేడా కదా. ఒక పాటలో ఒకే కార్డ్ బాగా వినిపించవలసి వస్తే, ఆ భాగానికి మాత్రం తీగను నాలుగైదు సెంట్లు దించి విడిగా రికార్డ్ చేయడం మాకు మామూలే.

అమెరికన్ గాయకుడు, గిటారిస్టు జేమ్స్ టేలర్ తాను శ్రుతి చేసుకునే పద్ధతిని వీడియోలో వివరించి చెప్పారు. ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా వరుసగా 12, 10, 8, 4, 6, 3 సెంట్లు తగ్గించి పెట్టుకుంటారు. ఆయన వేళ్ల బలానికి, కాపో (నెక్ మీద తీగలన్నిటినీ నొక్కి ఉంచే బిగింపు) వాడకానికి సరిపడేలా కుదుర్చుకున్న అంకెలవి. కొలిచేది ట్యూనరే, కాని ఎంత కొలవాలో నిర్ణయించినది చెవి.

బొబ్బిలి_వీణ
మా ఇంట్లో వీణ ఉంది. ఇటువైపు, బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి కళాకారులు పనస దుంగను తొలిచి వీణ చేశాక, మైనం మీద ఇరవై నాలుగు మెట్లనూ ఒక్కొక్కటిగా చెవితో విని నిలుపుతారు. మెట్టును వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ, తీగ మీటుతూ, మళ్లీ జరుపుతూ చేసే పని అది. ఒకే మెట్టు నాలుగు తీగలకూ సరిపోవాలి కనుక అక్కడ కూడా కొంత సర్దుబాటు తప్పదు. కాని ఎక్కడ తేడా వినిపిస్తే అక్కడే సరిచేసే వీలు ఉంది. గిటార్ ఫ్రెట్లను కోసి బిగించేశాక మీకు మిగిలినవి తీగకు రెండు చివరలు మాత్రమే, నట్ ఒకటి, శాడిల్ ఒకటి. ఆ రెండింటిలో ఒకదానినే సవరించి రెండోదానిని చూడకపోతే ఎలా కుదురుతుంది?

మెట్లసవరణ
బొబ్బిలి_వీణ గారి మాట నేను రోజూ దుకాణానికి వచ్చేవారికి చెప్పాలనుకునే మాట.

గణితగానం
ఫ్రెట్ల చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. గెలీలియో తండ్రి విన్చెంజో గెలీలీ ల్యూట్ వాయించేవాడు. తీగ పొడవును ప్రతిసారి పద్దెనిమిదో వంతు చొప్పున తగ్గించుకుంటూ ఫ్రెట్లు పెట్టాలని 1581లో రాశాడు. ఆ లెక్కన పన్నెండో ఫ్రెట్ తీగకు సరిగ్గా సగంలో పడదు, ఆక్టేవ్ పన్నెండు సెంట్ల పైచిలుకు తక్కువగా వస్తుంది. అయితే వేలితో నొక్కినప్పుడు తీగ సాగి స్వరం పెరుగుతుంది కదా, ఆ పెరుగుదల ఈ లోటును చాలావరకు పూడ్చేది. ఇప్పుడు 18కి బదులు 17.817తో భాగిస్తాం కనుక ఫ్రెట్లు గణితం ప్రకారం సరైన చోట ఉంటాయి. తీగ సాగడం వల్ల వచ్చే పెరుగుదలను మాత్రం శాడిల్ వెనక్కి జరిపి విడిగా సరిచేయాలి.

న్యూజెర్సీ_నైలాన్
క్లాసికల్ గిటార్ వారికి శాడిల్ జరిపే మర కూడా ఉండదు. ఎముకతో చేసిన ఒకే శాడిల్, 650 మిల్లీమీటర్ల తీగ. నైలాన్ మూడో తీగ లావుగా, వదులుగా ఉండి అన్నింటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. శాడిల్ పై అంచును ఆ తీగ కింద మాత్రం కొంచెం వెనక్కి అరగదీయించాక నా గిటార్ చాలా మెరుగుపడింది. ఇక్కడ చలికాలంలో హీటర్ వల్ల గదిలో గాలి ఎండిపోయి నెక్, పై చెక్క రెండూ కదులుతాయి కనుక, కొలిచే ముందు గిటార్‌ను తేమ సరిగ్గా ఉన్న గదిలో ఉంచడం అవసరం.

సాగర_తంత్రి
కాగితం పరీక్ష చేశాను. మూడో తీగ కింద విజిటింగ్ కార్డు ఇరుక్కోకుండా దూరింది. గాడులను నేనే ఆకురాయితో అరగదీసుకోవచ్చా? వేరే విషయం కూడా అడగాలి. మాది విశాఖ, సముద్రపు గాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి. అది కూడా కొలతను మారుస్తుందా?

మెట్లసవరణ
దయచేసి మామూలు ఆకురాయితో ముట్టుకోవద్దు. ప్రతి తీగ మందానికి సరిపడే నట్ ఆకురాళ్లు విడిగా ఉంటాయి. గాడి అడుగు హెడ్‌స్టాక్ వైపుకు కొద్దిగా వాలుతూ ఉండాలి, తీగ ఆనే అంచు సరిగ్గా ఫ్రెట్‌బోర్డ్ వైపు రావాలి. వాలు తిరగబడితే తీగ గాడిలో వెనకెక్కడో ఆని గరగరలాడుతుంది, శ్రుతి కూడా మారిపోతుంది. లోతు ఎక్కువైతే ఓపెన్ తీగ మొదటి ఫ్రెట్‌కు తగులుతుంది, అప్పుడు నట్‌నే మార్చవలసి వస్తుంది. నట్ పని తెలిసినవారికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు "మొదటి ఫ్రెట్ దగ్గర మూడో తీగ పది సెంట్లు ఎక్కువగా పలుకుతోంది" అని అంకెతో చెప్పండి. "శ్రుతి బాగాలేదు" అని మాత్రమే చెబితే మళ్లీ పన్నెండో ఫ్రెట్ చూసి పంపేస్తారు.

తుప్పు సంగతి నిజం. తుప్పు, చెమట, మురికి తీగ మీద సమంగా పేరుకోవు. అప్పుడు తీగ బరువు పొడవునా ఒకేలా ఉండదు, హార్మోనిక్ ఒకటి చెబితే నొక్కిన స్వరం ఇంకొకటి చెబుతుంది. అలాంటి తీగతో శాడిల్ సరిచేస్తే కొత్త తీగ వేసిన రోజున మళ్లీ మొదటికి వస్తుంది. సముద్రం దగ్గర ఉండేవారికి కోటెడ్ తీగలు కొంత ఖరీదైనా ఎక్కువ కాలం నిలుస్తాయి.

వరుస కూడా ముఖ్యం. కొత్త తీగలు, తరువాత ట్రస్ రాడ్‌తో (నెక్ లోపలి సర్దుబాటు కడ్డీ) నెక్ వంపు, తరువాత బ్రిడ్జ్ దగ్గర తీగల ఎత్తు, ఆపైన నట్. అన్నీ కుదిరాకనే శాడిళ్లను ముందుకూ వెనక్కూ జరపాలి. ఎత్తు మారితే తీగ సాగే మోతాదు మారుతుంది కనుక ముందే శాడిల్ జరిపితే ఆ పని వృథా అవుతుంది. స్ట్రాట్ తరహా గిటార్లలో పికప్‌లు తీగలకు మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం లావు తీగలను లాగి, పై ఫ్రెట్లలో స్వరం వణుకుతుంది. ట్యూనర్ ముల్లు ఒక చోట నిలవదు. అలా జరుగుతుంటే ముందు పికప్‌లను దించండి.

కోరస్_పెడల్
శాడిళ్లు చివరికి ఎలా కనిపిస్తున్నాయో కూడా చూడండి. ఒకటో తీగ శాడిల్ అన్నింటికన్నా ముందు, రెండోది దాని వెనుక, మూడోది ఇంకా వెనుక ఉండాలి. నాలుగోది మళ్లీ ముందుకు వచ్చి, అక్కడి నుంచి అయిదు, ఆరు వెనక్కి పోవాలి. మూడో తీగ వరకు ఒంటి తీగలు, నాలుగు నుంచి చుట్టిన తీగలు కావడం దీనికి కారణం. ఈ మెట్ల వరుసకు పూర్తిగా భిన్నంగా కనిపిస్తే ఎక్కడో ఏదో తేడా ఉన్నట్టే.

సాగర_తంత్రి
పని తెలిసిన ఇంకొకరికి ఇచ్చి నట్ గాడులు సరిచేయించాను. ఆ తరువాత శాడిళ్లను ట్యూనర్‌తో మళ్లీ మొదటి నుంచి సవరించాను. ఇప్పుడు మొదటి ఫ్రెట్ దగ్గర మూడో తీగ 3 సెంట్లు ఎక్కువ, మిగతావన్నీ రెండు లోపు. శాడిళ్లు కోరస్_పెడల్ గారు చెప్పిన వరుసలోనే నిలిచాయి. ఇ మేజర్ నుంచి జి మేజర్‌కు మారినప్పుడు మూడో తీగను ముట్టుకోవలసిన అవసరం రావడం లేదు. ఇ మేజర్‌లో జి షార్ప్ ఇంకా కొంచెం పైన ఉన్నట్టే వినిపిస్తోంది. అది గణితగానం గారు చెప్పిన 14 సెంట్లేనా?

గణితగానం
అవును. ఆ 14 సెంట్లూ, మీకు మిగిలిన 3 సెంట్లూ.

స్టూడియో_రాత్రులు
మూడో తీగను ఓపెన్‌గా రెండు సెంట్లు తక్కువ పెట్టి చూడండి. ఇ మేజర్ కొంత మెత్తబడుతుంది, జి మేజర్‌లో రెండు సెంట్ల తేడా ఎవరికీ వినిపించదు. గిటార్‌ను ఒక మేజర్ కార్డ్ కోసం కాకుండా, మీరు రోజూ వాయించే నాలుగైదు కార్డ్‌లను వరుసగా పట్టుకుని వింటూ ఆ రెండు సెంట్లను ఎక్కడ ఉంచాలో తేల్చుకోండి.

శ్రుతిబద్ధ
వేలి బరువు కూడా తగ్గించి చూడండి. మూడో తీగను ఫ్రెట్‌కు ఆనుకుని, ధ్వని శుభ్రంగా వచ్చేంత మాత్రమే నొక్కితే ఆ మిగిలిన మూడు సెంట్లలో కొంత అక్కడే పోతుంది.

పల్లె_అకౌస్టిక్
ఇప్పటిదాకా మౌనంగా చదువుతూ వచ్చాను. నాది అకౌస్టిక్ గిటార్, మూడో తీగ కూడా చుట్టిన తీగే. నాకు సి మేజర్‌లో రెండో తీగ మొదటి ఫ్రెట్ దగ్గర ఇలాంటి తేడానే వినిపిస్తోంది. నట్ పరీక్ష నాకూ వర్తిస్తుందా?

మెట్లసవరణ
వర్తిస్తుంది. మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ మీది సందు చూడండి. కొత్త అకౌస్టిక్ గిటార్లలో నట్ గాడులు ఎత్తుగా ఉండడం ఎలక్ట్రిక్ కన్నా ఎక్కువగా చూస్తుంటాను. సందు సరిగ్గానే ఉంటే, మొదటి, మూడో, అయిదో, పన్నెండో ఫ్రెట్ల అంకెలు రాసి ఇక్కడ పెట్టండి. పన్నెండు దగ్గర కూడా ఎక్కువగా ఉంటే రెండో తీగ కింద శాడిల్ అంచును వెనక్కి అరగదీయవలసి రావచ్చు.